నాలుక గారి కాలి వేలు

మార్చి 4

మరదలికి,

మీ వదిన దీవెనలు. అంతా కులాసాయేనా అని మొదలుపెట్టాలి. కాదని తెలిసే రాస్తున్నాను కాబట్టి అడగను.

మొన్న ఫోన్ చేస్తే మా తమ్ముడే ఎత్తాడు. ఎప్పుడు చేసినా వాడే ఎత్తుతాడు. "కాలు ఎలా ఉందిరా" అంటే "కాలు కాలులాగే ఉందక్కా" అన్నాడు. నీకు ఇమ్మంటే ఇచ్చాడు గానీ పక్కనే కూర్చున్నట్టున్నాడు, నువ్వు "ఆ వదినా, ఊ వదినా" తప్ప ఇంకో మాట అనలేదు. నీ "ఊ"లో ఏదో ఉంది. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. అందుకే మీ వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ చిరునామాకి రాస్తున్నాను. ఆవిడ కడుపులో మాట దాచుకునే మనిషని నువ్వే ఒకసారి అన్నావు. వాడు పనికి పోయాక చదువుకో. నా రాత కోడి కెలికినట్టుంటుంది, ఓపిక పట్టు. నేను చదివింది మూడో తరగతి, అందులోనూ వానాకాలమంతా బడికి పోలేదు.

చెప్పు ఒరుసుకుని చిటికెన వేలి పక్కన పుండు పడిందట. నెల దాటినా మానలేదట. మా అమ్మాయి చెప్పింది. నాతో ఎందుకు చెప్పలేదు మీరు? భయపడతాననా? చెప్పకపోతే ఇంకా భయపడతాను కదా. మా ఆయనకి, అదే మీ అన్నయ్యగారికీ అలాగే మొదలైంది. ఆయనకీ షుగరే. ముందు వేలన్నారు. తర్వాత పాదమన్నారు. తర్వాత మోకాలన్నారు. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

వాడు ఒళ్ళు తగ్గాలనీ, వంటనూనె మార్చాలనీ అందరూ అంటున్నారు. ఏ నూనెకి మార్చాలో మాత్రం ఇద్దరు ఒక్క మాట చెప్పరు. పై వాటా మాస్టారు కొబ్బరినూనె పరగడుపున తాగితే షుగరు పారిపోతుందన్నాడు. పాలు పోసే ఆమె నెయ్యి తప్ప అన్నీ విషమేనంది. ఆమె నెయ్యి కూడా అమ్ముతుందిలే. మా అల్లుడు అసలు నూనే వద్దు, నీళ్ళలో వేయించుకోవాలన్నాడు. నీళ్ళలో వేయిస్తే దాన్ని ఉడకబెట్టడం అంటారు నాయనా అన్నాను.

నేను మాత్రం గానుగలో ఆడించిన నువ్వులనూనె ఒక చిన్న డబ్బా పంపుతున్నాను. మా అమ్మాయి ఆఫీసులో పనిచేసే ఆమె అటు వస్తోంది, తెచ్చిస్తుంది. నూనె మిల్లులో పనిచేసేవాడికి నేను నూనె పంపడం నవ్వులాటే. ఇన్నేళ్ళుగా నూనె రుచి చూసి "ఇది బాగుంది, అది బాగాలేదు" అని చెప్పడమే వాడి ఉద్యోగం. మిల్లులో అందరూ "నాలుక గారు" అంటారు కదా వాడిని. అయినా పంపుతున్నాను. చేతులు ముడుచుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

ఉత్తరం చదివి చించెయ్. వద్దు, చించకు. డబ్బా అందిందో లేదో రాసేటప్పుడు నా చిరునామా కావాలి కదా.

మీ వదిన


మార్చి 11

వదినగారికి నమస్కారాలు.

డబ్బా అందింది. సీలు విప్పకుండా అలమారలో పెట్టాను. మీరు ఇంత ప్రేమగా పంపితే విప్పలేదేమిటని అనుకోకండి, కారణం రాస్తాను.

పోయిన నెల పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. అక్కడ ఏం తినాలో చెప్పే అమ్మాయిని వేరే గదిలో కూర్చోబెట్టారు. మన అమ్మాయిల ఈడే. నేను ఏ నూనె మంచిదని అడిగితే ఆ అమ్మాయి నవ్వి, "ఎంత అని అడగండి అత్తయ్యా, ఏది అని తర్వాత అడుగుదురు" అంది. ఖరీదైన నూనె అయినా చవక నూనె అయినా చెంచాకి చెంచా ఒంటికి ఒకటే బరువు పెడుతుందట. ఏ నూనే మందు కాదట. మనిషికి రోజు మొత్తానికి టీ చెంచాతో మూడు, నాలుగు చాలట. అందులోనే తాలింపూ, అందులోనే కూరా. పేరుకుని గట్టిపడేవి, అంటే నెయ్యి, వెన్న, వనస్పతి, కొబ్బరినూనె లాంటివి, బాగా తగ్గించమంది. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు నూనెల్లో ఏదైనా ఫరవాలేదు, మార్చి మార్చి వాడుకోమంది. ఒకసారి కాగిన నూనె మళ్ళీ కాచొద్దంది.

"నూనెలో చక్కెర ఎక్కడుందమ్మా" అని మీ తమ్ముడు ఆ అమ్మాయితో వాదం పెట్టుకున్నారు. "చక్కెర లేదు మావయ్యా, కానీ దానివల్ల ఒళ్ళు పెరుగుతుంది. ఒళ్ళు పెరిగితే మీరు వేసుకునే మాత్ర మొరాయిస్తుంది" అంది. అక్కడికి ఊరుకున్నారు.

ఆ రోజు నుంచి కొలిచి పోస్తున్నాను, వదినగారూ. ఉడికించిన కూరలే. పెదవి విరుస్తారు గానీ తింటారు. తీపి ముట్టరు. నిన్న మళ్ళీ తూకానికి వెళ్తే బరువు తగ్గలేదు సరికదా, ఇంకొంచెం పెరిగింది. డాక్టరు గారు కాగితం చూసి, ఆయన్ని చూసి, తర్వాత నన్ను చూశారు. "ఇంట్లో వంట ఎవరు చేస్తారమ్మా?" అన్నారు. గదిలో నర్సులు ఇద్దరున్నారు. నేను తల దించుకున్నాను.

ఇట్లు,
మీ మరదలు


మార్చి 16

మరదలికి,

నీ ఉత్తరం మా అమ్మాయి చేత రెండుసార్లు చదివించుకున్నాను. నా కళ్ళజోడు కాడ విరిగింది, దారంతో కట్టుకున్నాను, ఒక పక్కకి ఒరిగిపోతోంది. దాని సంగతి తర్వాత.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నిన్ను అనడం లేదు. కానీ కొలిచి పోస్తుంటే బరువు ఎలా పెరుగుతుంది? గాలి తిని ఎవరూ లావెక్కరు కదా. నీది మెత్తని మనసు. వాడు చిన్నపిల్లాడిలా మొహం పెడితే నువ్వు కరిగిపోతావు. "ఈ ఒక్కరోజుకి" అని రెండు వేపుడు ముక్కలు పళ్ళెం అంచున పెట్టి ఉంటావు. పెట్టావని అనడం లేదు. పెట్టి ఉంటావేమో అంటున్నాను.

ఇంకొకటి. నీ చెంచా ఎంత ఉంటుంది? మీ ఇంటికి వచ్చినప్పుడు చూశాను, మీ చెంచాలు మా గరిటెలంత ఉంటాయి. వాటితో నాలుగంటే ఇంకేముంది, కూర ఈత కొడుతుంది.

ఫోన్లో వాడిని అడిగాను, ఏం తింటున్నావురా అని. "గడ్డి" అన్నాడు. వాడి గొంతులో ఆకలి లేదు, మరదలా. ఆకలి మీదున్న మనిషి గొంతు నాకు తెలుసు. వాడిని నా చేత్తో పెంచాను. వాడి కడుపు నిండే ఉంది. ఎక్కడ నిండుతోందో నువ్వే చెప్పాలి.

నిన్న మీ అన్నయ్యగారి చేతికర్ర మంచం కింద కనబడింది. అంతకుముందు కూడా అక్కడే ఉండి ఉంటుంది, నిన్ననే కనబడింది. అలాంటివి నాకు మంచిగా తోచవు.

నువ్వు దాచకు. నేను వదినను, పరాయిదాన్ని కాదు.

మీ వదిన


మార్చి 22

వదినగారికి,

పరాయిదాన్ని కాదన్నారు. పరాయివాళ్ళు కూడా నన్ను ఇంత మాట అనలేదు.

ఈ కాగితం వెనక మా చెంచా పెట్టి చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. గరిటో చెంచానో మీరే చూసుకోండి. వేపుడు చేసి ఎన్ని రోజులైందో నాకే గుర్తులేదు. మూకుడు కడిగి పైన పెట్టేశాను. ఇంట్లో నేనూ ఆ ఉడికించిన కూరే తింటున్నాను, వదినగారూ. నా నడుము దగ్గర జాకెట్టు వదులైంది. బట్టలు కుట్టే ఆవిడ రెండుసార్లు లోపలికి కుట్టింది. నమ్మకం లేకపోతే ఆవిడకే రాసి అడగండి, చిరునామా మీ దగ్గర ఉందిగా.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మీరు పంపిన నువ్వులనూనె డబ్బా నేను ముట్టలేదు. మొన్న అలమార తుడుస్తుంటే డబ్బా లేదు. అడిగితే "అది అక్క నాకు పంపింది, నీకెందుకు" అన్నారు. సాయంత్రం సంచీలోంచి తీసి చూపించారు. సగం ఖాళీ! కూరలో పడలేదు, దీపంలో పడలేదు. మరి ఎక్కడికి పోయింది? పై వాటా మాస్టారి మాట విని పరగడుపున తాగమని మీరేగానీ ఫోన్లో చెప్పలేదు కదా? చెప్పారని అనడం లేదు. చెప్పి ఉంటారేమో అంటున్నాను.

కాలికి ఎక్స్‌రే ఫొటో తీశారు. ఇంకా ఎముకకి పాకలేదట. పాకితే వేలు తీసేయాలట. షుగరు ఇలాగే ఉంటే పాకకుండా ఆపడం కష్టమన్నారు. మాత్రల మోతాదు పెంచారు. మే ఆరో తారీకున రమ్మన్నారు, ఆ రోజు చూసి ఉంచాలో తీసేయాలో చెప్తారట.

ఆ మాట విన్నప్పుడు మీ తమ్ముడు తన కాలి వైపు చూసుకోలేదు. గోడ మీద గడియారం వైపు చూశారు. మిల్లుకి ఆలస్యమవుతోందన్నారు.

మీ మరదలు


మార్చి 27

మరదలా,

కాగితం మీద నీ గీత పక్కన మా చెంచా పెట్టి చూశాను. మాదే పెద్దది. మా అమ్మాయి చూసి, "అమ్మా, గరిటె మన ఇంట్లోనే ఉంది" అని పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నీ జాకెట్టు సంగతి చదివాక అసలే రాలేదు. నోరు జారాను. నా భయం నా నోటికి ముందు నడుస్తుంది, నీకు తెలియనిదా.

కానీ నా మీద ఒట్టు, తాగమని నేను చెప్పలేదు. మాస్టారు చెప్పిన మాట నీకు రాశానే గానీ వాడితో ఎత్తనే లేదు. ఆ డబ్బా పంపి తప్పు చేశానేమోనని ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది. డాక్టరుకి ఆ డబ్బా సంగతి చెప్పు. నేను పంపానని కూడా చెప్పు, ఫరవాలేదు.

ఎముక అన్నావు. ఆ మాట దగ్గర ఉత్తరం మడిచేసి కాసేపు బయట కూర్చున్నాను.

నువ్వు పెట్టడం లేదు. నేను చెప్పలేదు. మరి ఎవరు? ఆలోచించి ఆలోచించి ఒకటి గుర్తొచ్చింది. మొన్న ఫోన్లో "ఇంట్లో నూనె చుక్క రాలదు కదరా, ఎలా తింటున్నావు" అంటే, "ఇంట్లో లేకపోతే ఏంటక్కా, మిల్లు ఉందిగా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ మాట ముల్లులా గుచ్చుతోంది. మిల్లు బయట తినుబండారాల కొట్టు ఏదైనా ఉందా? పనివాళ్ళు ఉన్న చోట ఉండకుండా ఉండదు. మధ్యాహ్నం అక్కడ నిలబడి లాగిస్తున్నాడేమో.

వెళ్ళు. చెప్పకుండా వెళ్ళు. అన్నం డబ్బా మరిచిపోయాడని వంక పెట్టుకో. కొట్టు దగ్గర దొరికితే గొడవ పడకు, నలుగురిలో వాడికి చిన్నతనం. చూసి, వచ్చి, నాకు రాయి.

మీ వదిన


ఏప్రిల్ 3

వదినగారికి నమస్కారాలు.

మిల్లు నుంచి రాగానే గబగబా రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే మన్నించండి.

వెళ్ళాను. ఇన్నేళ్ళ కాపురంలో మిల్లు గేటు దాటడం ఇదే మొదటిసారి. బయట కొట్టు ఉంది. కానీ ఆ కొట్టాయన, "నాలుక గారా? ఆయన మా దగ్గర టీ చుక్క కూడా తాగరమ్మా, నోరు పాడవుతుందంటారు" అన్నాడు. అనుమానించినందుకు నాకే సిగ్గేసింది. అన్నం డబ్బా ఇచ్చి వచ్చేద్దామని లోపలికి వెళ్ళాను.

ఆయన పనిచేసే గది చిన్నది. పొడుగాటి రాతి బల్ల. దాని మీద వరసగా తెల్ల గిన్నెలు, ఒక్కో గిన్నె ముందు అది ఏ నూనె తొట్టిలోదో రాసిన చీటీ. ఆయన నాకు వీపు పెట్టి, పుండున్న కాలు కాస్త ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు. గిన్నెలో చెంచా ముంచారు. నోట్లో పోసుకుని అటూ ఇటూ తిప్పారు. తల పైకెత్తారు. గొంతు కదిలింది, వదినా. మింగేశారు. తర్వాత పక్క గిన్నె. మళ్ళీ మింగారు. పని నేర్చుకునేవాళ్ళు ఇద్దరు ఆ చివర నిలబడి బకెట్లో ఉమ్ముతున్నారు. ఆయన బకెట్ వైపు కన్నెత్తి చూడలేదు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

ఉలిక్కిపడి తిరిగారు. "పని. నువ్వేంటి ఇక్కడ?"

"ఇవన్నీ తాగుతారా?"

"తాగడమేంటి, రుచి చూస్తాను."

"రోజూ ఇన్ని గిన్నెలా?"

"పొద్దున ఒక వరస, మధ్యాహ్నం ఒక వరస. రుచి చూసే రెండో ఆయన మానేశాక ఆయన తొట్లు కూడా నాకే వచ్చాయిగా."

"తిన్నదంతా చెప్పమని ఆ అమ్మాయి అన్నిసార్లు అడిగితే ఇది ఎందుకు చెప్పలేదండీ?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. అది నాటకం కాదు, నాకు తెలుసు. "తిన్నది చెప్పమంది, చెప్పాను. ఇది తినడం కాదుగా. ఇది పని" అన్నారు.

నేను ఇంట్లో చెంచా అంచు వేలితో తుడిచి మరీ కొలుస్తున్నాను. అక్కడ ఒక్క పూటలో నా వారం కొలత ఆయన గొంతులో దిగిపోతోంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మరి వాళ్ళిద్దరిలా ఉమ్మొచ్చు కదా అన్నాను. "వాళ్ళకి సగం రుచే తెలుస్తుంది. మాడు వాసన నాలుక మీద దొరకదు, గొంతు దిగేటప్పుడు దొరుకుతుంది. అది పట్టుకోబట్టే నేను నాలుక గారిని" అన్నారు. తర్వాత కొంచెం నవ్వి, "పైగా నోట్లో పడింది ఉమ్మడం నాకు చేతకాదు. అక్క నేర్పలేదు" అన్నారు.

మీ డబ్బా బల్ల మొదట్లో ఉంది. రోజూ ముందుగా మీ నూనె ఒక చెంచా రుచి చూసి, తర్వాత మిల్లు నూనెలు చూస్తారట. "మంచిది ఎలా ఉంటుందో నాలుకకి గుర్తుచేసుకోవాలిగా" అన్నారు.

మిమ్మల్ని అనుమానించాను. అది మనసులో పెట్టుకోకండి.

మీ మరదలు


ఏప్రిల్ 7

మరదలికి,

నీ ఉత్తరం వచ్చిన పూట నేను బియ్యం ఏరుతున్నాను. చదివాక రాళ్ళు ఎసట్లో పోశాను, బియ్యం పారబోశాను. మా అమ్మాయి తిట్టింది.

అక్క నేర్పలేదన్నాడా? నిజమే. వాడికి మాటలు రాని వయసు నుంచి నేనే తినిపించాను. అమ్మ తెల్లవారకముందే ఇటుకల పనికి పోయేది. గిన్నెలో ఉన్నదే ఉన్నది, ఉమ్మితే ఇంకో ముద్ద లేదు. వాడు పుల్లలా ఉండేవాడు. బుగ్గన పెట్టుకుని ఉమ్మబోతే అరచేయి నోటికి అడ్డం పెట్టి, రెండో చేత్తో గొంతు నిమిరేదాన్ని. "మింగు, నా తండ్రివి కదూ, మింగు" అనేదాన్ని. గొంతు కదిలేదాకా చేయి తీసేదాన్ని కాదు. అలా బతికాడు వాడు. ఇప్పుడు వాడి గొంతు కదిలిందని నువ్వు రాస్తే నా చేతికి తెలిసింది.

వెంటనే డాక్టరుకి చెప్పు. వాడిని ఉమ్మమను. బకెట్ వాడి పక్కన పెట్టించు. రెండో ఆయన మానేస్తే ఇంకో నాలుక దొరకదా ఆ మిల్లుకి? ఇన్ని తొట్లు ఒక్క మనిషి నోట్లో పోస్తారా? వాళ్ళకి కాళ్ళు లేవా, పుండ్లు లేవా? ఇది మిల్లు యజమాని దగ్గర అనకు, ఉద్యోగానికి ముప్పు.

ఏమైందో రాయి. పాదం వాచిందా? రంగు మారిందా? చీము వాసన వస్తోందా? అన్నీ రాయి.

మీ వదిన


ఏప్రిల్ 18

వదినగారికి నమస్కారాలు.

పాదం వాపు అలాగే ఉంది. రంగు మారలేదు. వాసన లేదు. ముందు ఇవి రాస్తున్నాను, మీరు వీటికోసమే వెతుక్కుంటారని.

డాక్టరు గారికి చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశారు. "ఇన్నాళ్ళూ మేం మాత్రలు మారుస్తున్నాం, మీ ఆవిడ కూరలు మారుస్తున్నారు" అన్నారు. ఉమ్మాల్సిందేనని గట్టిగా చెప్పారు. మీ తమ్ముడు తల ఊపారు.

మర్నాటి నుంచి ఉమ్మారు. నాలుగు రోజులు బాగానే జరిగింది. అయిదో రోజు ఆయన సరేనన్న తొట్టి నూనె దుకాణాల నుంచి వెనక్కి వచ్చింది. అడుగున మాడిన వాసన ఉందట. ఆయన చేతి మీదుగా పోయిన నూనె వెనక్కి రావడం ఇదే మొదలట. యజమాని ఏమీ అనలేదు, ఊరికే వచ్చి ఆ గిన్నె వాసన చూసి వెళ్ళిపోయారట. అదే ఆయనకి ఎక్కువ తగిలింది. పని నేర్చుకునేవాళ్ళలో ఒకడు, "నాలుక గారికి జలుబా?" అన్నాడట. ఇంటికి వచ్చి చొక్కా కూడా విప్పకుండా కూర్చున్నారు.

ఇప్పుడు మళ్ళీ మింగుతున్నారు. నాతో చెప్పలేదు. చొక్కా ఉతికేటప్పుడు నాకు తెలిసింది. ఉమ్మిన రోజుల్లో చేతి అంచుకి మరకలుండేవి, మూతి తుడుచుకునేవారు కదా. ఇప్పుడు చేతులు శుభ్రంగా ఉంటున్నాయి.

అడిగితే కసిరారు. "వేలు పోతే చెప్పులో ఎవరికీ కనబడదు. నాలుక పోతే నేనెవరిని?" అన్నారు. 

డాక్టరు గారి మాట, నా మాట అయిపోయాయి. మీరు చెప్పండి. ఫోన్లో వద్దు. ఫోన్లో "సరే అక్కా" అని పెట్టేస్తారు. రాసి పంపండి. మే ఆరు ఎంతో దూరం లేదు.

మీ మరదలు


ఏప్రిల్ 21

మరదలికి,

నీకు రాయడం నాకు వచ్చు. వాడికి రాయడం రావడం లేదు. నాలుగు కాగితాలు పాడుచేశాను. ఒకదాంట్లో తిట్టాను, ఒకదాంట్లో ఏడ్చాను, ఒకదాంట్లో మీ అన్నయ్యగారి కాలు గురించి రాశాను. అవన్నీ పొయ్యిలో వేశాను. చివరికి చిన్న చీటీ అయింది. ఇందులో మడిచి పెట్టాను. నువ్వు చదువు, తర్వాత వాడికియ్యి. పక్కన నిలబడకు, వాడు చదివేటప్పుడు ఎవరైనా చూస్తుంటే అక్షరాలు దాటేస్తాడు.

వేలు పోతే కనబడదన్నాడా? మీ అన్నయ్యగారూ అలాగే అన్నారు. నేను ఇంకేమీ రాయను.

మీ వదిన

(చీటీ)

తమ్ముడూ,
చిన్నప్పుడు మింగమన్నది నేనే. అప్పుడు నీకు ఒళ్ళు రావాలి. ఇప్పుడు ఉమ్మమనేదీ నేనే. తొట్టి వెనక్కి వస్తే రానీ, ఇంకోసారి ఆడిస్తారు. వేలు పోతే వెనక్కి రాదు. వాసన దొరకలేదంటే ఇంకాసేపు నోట్లో ఉంచుకో, తొందరేముంది, నీకు ముద్ద తినిపించడానికి నాకు పూటంతా పట్టేది. నేను ఎప్పుడైనా తొందరపెట్టానా?
ఉమ్మేయరా, నా తండ్రివి కదూ.
అక్క


మే 8

వదినగారికి నమస్కారాలు.

వేలు ఉంది.

ఇప్పుడు మిగతాది రాస్తాను. చీటీ ఇచ్చి నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఉన్న గిన్నెలన్నీ తోమేశాను. తర్వాత గుమ్మం దగ్గరికి వచ్చి, "నువ్వు అక్కకి ఉత్తరాలు రాస్తున్నావా?" అన్నారు. అవునన్నాను. "ఎప్పటినుంచి?" అన్నారు. చెప్పాను. కోప్పడతారనుకున్నాను. "నా గురించేనా అన్నీ?" అన్నారు. "మా చెంచా గురించి కూడా" అన్నాను. అప్పుడు నవ్వారు. ఆ చీటీ చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఉతకడానికి ఇచ్చేటప్పుడు తీసి మళ్ళీ ఇంకో చొక్కాలో పెట్టుకుంటారు.

మర్నాడు మిల్లులో మొదటి గిన్నె దగ్గరే చాలాసేపు నిలబడ్డారట. జలుబా అని అడిగినవాడే నాకు చెప్పాడు. నూనె నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నారట. ఒక చేయి గొంతు మీద పెట్టుకున్నారట, గొంతు కదలకుండా పట్టుకున్నట్టు. అలాగే నిలబడి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదిలి, మళ్ళీ పీల్చి, చివరికి బకెట్లో ఉమ్మారట. ఆ రోజు వరస సాయంత్రానికి గానీ పూర్తి కాలేదు. యజమాని రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారట. మూడో తొట్టి దగ్గర మీ తమ్ముడు "ఇది ఆపండి, మాడింది" అన్నారట. ఆపి చూస్తే నిజమే. గొంతులో దొరికేది ముక్కు వెనక కూడా దొరుకుతుందట, కాకపోతే ఆగాలట.

మొన్న ఆరో తారీకున కట్టు విప్పారు. డాక్టరు గారు పుండు అంచులు నొక్కి చూశారు. నేను కళ్ళు మూసుకున్నాను. షుగరు దిగింది, ఇంకా దిగాలన్నారు. బరువు కూడా కొంచెం తగ్గింది. అంచుల్లో కొత్త చర్మం వస్తోందట, ఇప్పుడు కోయనక్కర్లేదు, రెండు వారాల తర్వాత మళ్ళీ చూస్తామన్నారు. అప్పుడు నా వైపు తిరిగి మళ్ళీ, "ఇంట్లో వంట ఎవరు చేస్తారమ్మా?" అన్నారు. ఈసారి తల దించుకోలేదు.

మీ మరదలు


మే 13

మరదలికి,

దీవెనలు. నీ ఉత్తరంలో మొదటి మాట మా అమ్మాయి చదవగానే నేను ఆగమన్నాను. ఆ ఒక్క మాటే ఇంకో మూడుసార్లు చదివించుకున్నాను.

కానీ మరదలా, వేలు ఉందని రాశావు, పుండు మానిందని రాయలేదు. ఆ రెంటికీ తేడా నాకు తెలుసు. రెండు వారాలన్నావు. ఆ రెండు వారాలూ చెప్పులు వదులుగా ఉండేవి వేయించు. నిలబడి పని చేయొద్దని, బల్ల దగ్గర ఎత్తు కుర్చీ వేయించుకోమని చెప్పు. రోజూ పాదం అడుగున కూడా చూడు, వాడు చూసుకోడు. వాడు ముక్కుతో పట్టుకుంటున్నాడన్నావు. ఇప్పుడు నిజంగానే జలుబు చేస్తే ఏం చేస్తాడోనని నాకు పట్టుకుంది. చన్నీళ్ళు పోసుకోవద్దని చెప్పు.

మా ఇంట్లో ఇప్పుడు మీ చెంచా అంత చెంచా కొన్నాం. కూరలు కొంచెం నా మొహంలా ఉన్నాయి, అలవాటు పడతాం.

ఆ డబ్బా అడుగంటి ఉంటుంది. మిల్లు నూనెలకి ముందు వాడి నాలుకకి నా నూనె కావాలన్నాడుగా. ఇంకోటి పంపుతున్నాను, మా అమ్మాయి ఆఫీసు ఆమే తెస్తుంది. మూత మీద మా అమ్మాయి రాస్తానంది. నేను వద్దన్నాను. దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకుని నేనే రాశాను, దూరం నుంచి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో. ఒక్కటే మాట.

ఉమ్ము.

మీ వదిన